ఏ నెల దగ్గు ఆ నెలదే: క్యాసంబళ్ళి సీమలో పుప్పొడి, బూజు అలర్జీలు

ఏటా ఒకే నెలలలో తిరిగి వచ్చే తుమ్ములు, కళ్ళ దురద, రాత్రివేళ పిల్లికూతలు సాధారణమైన పడిశెం కాకపోవచ్చు. గాలిలో తేలే పుప్పొడి, బూజుల విత్తనరేణువులు కొందరి దేహానికి సరిపడవు. దానినే అలర్జీ అంటారు. ఇది అంటువ్యాధి కాదు. గాలిలోని పుప్పొడే ఈ బాధకు మూలమని ఇంగ్లండు వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ 1873లో ప్రకటించిన గ్రంథంలో నిరూపించాడు.

కంటికి ఇంపుగా కనిపించే పూలన్నీ దోషులు కావు. మామిడి, చింత, కానుగ వంటి చెట్ల పుప్పొడిని ప్రధానంగా కీటకాలే మోస్తాయి. అది చెట్టుకు దూరంగా అంతగా వ్యాపించదు. గడ్డిజాతులు, ముళ్ళతోటకూర, ఆముదం, సరుగుడు వంటివి గాలిని నమ్ముకొని తేలికైన పుప్పొడిని విస్తారంగా వదులుతాయి.

మాఘం నుండి వైశాఖం వరకు: ఇది చెట్ల పూతకాలం. ఎండ, పొడిగాలి తోడైనప్పుడు పుప్పొడి దూరం పోతుంది. చెరువుగట్ల మీద పెరిగే సర్కారు తుమ్మ పుప్పొడి కూడా అలర్జీ కారకమే.

ఆషాఢం నుండి ఆశ్వయుజం వరకు: వానలతో కలుపు మొక్కలు విజృంభిస్తాయి. వీటిలో ముఖ్యమైనది వయ్యారిభామ, అనగా మనవారు చెప్పే కాంగ్రెస్ గడ్డి. 1955లో పూణేలో గుర్తించబడిన ఈ మొక్క తరువాత దేశమంతటా వ్యాపించింది. 1991లో వెలువడిన బెంగళూరు పరిశీలనలో ముక్కు అలర్జీ రోగులలో సుమారు మూడోవంతు మందికి చర్మపరీక్షలో దీని పుప్పొడి సరిపడలేదని తేలింది. దీనిని తాకిన కొందరికి ముఖం, మెడ, చేతుల మీద దురద పొక్కులు వస్తాయి.

కార్తీకం నుండి పుష్యం వరకు: కోలారు జిల్లాలో సెప్టెంబరు, అక్టోబరు నెలలలోనే వాన ఎక్కువ. ఆ తేమతో గోడలకు, తడిసిన రాగిగడ్డి వామికి, సరిగా ఎండని చెనక్కాయలకు బూజు పడుతుంది. టమోటా ఆకుల మీద వలయాల మచ్చలు పుట్టించే ఆల్టర్నేరియా జాతి బూజులు ఉబ్బసాన్ని రేపగలవు. కళ్ళంలో నూర్పిడి, తూర్పార పట్టడం ఈ రేణువులను ఒక్కసారిగా లేపుతాయి. వాన పుప్పొడిని కడిగివేసినా, బూజును పెంచుతుందని గ్రహించాలి.

బంగారు గనుల సీమలో మరొక చిక్కు ఉంది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినా సైనైడు దిబ్బలు మిగిలే ఉన్నాయి. గాలికాలంలో వాటి నుండి లేచే ధూళి పుప్పొడి కాదు, కాని గొంతును, ఊపిరితిత్తులను బాధిస్తుంది. గనిలో పనిచేసిన పెద్దల ఆయాసాన్ని అలర్జీగా భావించి ఊరుకోరాదు.

ఏ నెలలో, ఏ పనిలో, పగలా రాత్రా బాధ కలిగిందో పంచాంగం మీదనే గుర్తు పెట్టుకోవడం మేలు. రెండేళ్ళ గుర్తులు వైద్యునికి ఎంతో తోడ్పడతాయి. కాంగ్రెస్ గడ్డిని పూతకు ముందే, చేతులకు తొడుగులు వేసుకొని పీకాలి. దాని ఆకులను తినే మెక్సికన్ పెంకు పురుగును 1984లో బెంగళూరులో విడుదల చేశారు; అది కనిపిస్తే చంపవద్దు. గడ్డిని బాగా ఎండిన తరువాతనే వామి వేయాలి. నూర్పిడి వేళ ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకోవాలి. పని ముగియగానే స్నానం చేయాలి.

ఉబ్బసానికి వైద్యుడు ఇచ్చే ఇన్‌హేలర్ వ్యసనంగా మారుతుందనే భయం అనవసరం. మధ్యలో మానివేయడమే ప్రమాదం. మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలివర్ణానికి తిరిగినా తక్షణమే ఆసుపత్రికి చేర్చాలి. ఇక రెండు వారాలు దాటిన దగ్గు ఏ నెలలో వచ్చినా సరే, ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చేసే కఫపరీక్షతో క్షయ లేదని నిర్ధారించుకున్న తరువాతనే దానిని అలర్జీ అనుకోవాలి.