గోడాదరా నుంచి సాపుతారా: డాంగ్ కొండల్లో సైకిల్ దారులు

సూరత్ తూర్పు అంచున ఉన్న గోడాదరా నుంచి డాంగ్ జిల్లాలోని సాపుతారా కొండకు సైకిల్ మీద వెళ్లేందుకు ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి కడోదరా, బార్డోలీ, అనావల్, ఉనాయి, వాఘై మీదుగా సాగుతుంది. దీని పొడవు సుమారు 160 కిలోమీటర్లు. రెండోది బార్డోలీ తర్వాత కూడా 53వ జాతీయ రహదారినే పట్టుకుని వ్యారా, సోన్‌గఢ్ దాకా పోయి, అక్కడ దక్షిణానికి మళ్లి, జిల్లా కేంద్రమైన ఆహ్వా మీదుగా కొండకు చేరుతుంది. బయలుదేరే చోటు ఒకటే, చేరే చోటూ ఒకటే. సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల దరిదాపుల్లో ఉన్న సాపుతారా ఎత్తు కూడా ఎటునుంచి వెళ్లినా మారదు. అయినా ఈ రెండు దారులూ కాళ్లకు ఒకటి కావు. డాంగ్‌లో దారి కష్టాన్ని శిఖరం ఎత్తును బట్టి కొలిస్తే లెక్క తప్పుతుంది. దారి నది వెంట నడుస్తోందా, నదులను అడ్డంగా దాటుతోందా అన్నదే ముందు చూడాలి.

గోడాదరా వైపు నేల పూర్తిగా చదును. పక్కనే ఉన్న పర్వత్ పాటియాకు పేరులో తప్ప పర్వతంతో సంబంధమేమీ కనిపించదు. తెలంగాణ జిల్లాల నుంచి సాంచాల (మరమగ్గాల) పనికి వచ్చి స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్, గోడాదరా ప్రాంతాల్లో చాలా ఉన్నాయి. ఇలాంటి చదును నేలమీద గేర్లు లేని సైకిల్ సరిపోతుంది. అందుకే ఇక్కడి నుంచి కొండకు బయలుదేరేవారికి మొదటి పొరపాటు బార్డోలీ దాకా వచ్చిన వేగాన్నే మిగతా దారికీ లెక్కగట్టడం.

డాంగ్ నేల తీరు తెలిస్తే ఆ లెక్క ఎందుకు తప్పుతుందో అర్థమవుతుంది. సహ్యాద్రి ఉత్తర కొసన ఉన్న ఈ కొండలు దక్కన్ లావా పొరలతో ఏర్పడ్డాయి. ఒకదానిపై ఒకటి పరుచుకున్న ఆ నల్లరాతి పొరలను పూర్ణా, గిరా, ఖాప్రీ, అంబికా నదులు కోసుకుంటూ మొత్తం మీద తూర్పు నుంచి పడమరకు ప్రవహిస్తాయి. రెండు నదుల మధ్య మిగిలిన నేలే గట్టు. వాఘై దగ్గరి గిరా జలపాతంలో ఈ రాతి మెట్టు కంటికి తెలుస్తుంది. తెలుగు పాఠకులకు తెలిసిన నల్లమల తీరు వేరు: అక్కడ రాతి పొరలు మడతలు పడి వరుస గట్లుగా లేచాయి, పెన్నా సోమశిల దగ్గర వెలికొండను చీల్చుకుని బయటపడింది. పుట్టుక వేరైనా దారులు వేసేవారికి రెండుచోట్లా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: లోయలో నడవాలా, గట్టు ఎక్కాలా? నల్లమలలో నంది కనుమ లాంటి సందు వెతుక్కోవాలి. డాంగ్‌లో పడమర నుంచి వచ్చేవారికి నదులే తలుపులు తెరిచి పెట్టాయి.

ఈ మాటకు గట్టి సాక్ష్యం రైలు మార్గం. బరోడా గైక్వాడ్ల కాలంలో, 1913లో, బిలిమోరా నుంచి వాఘైకి 63 కిలోమీటర్ల నేరోగేజ్ లైను వేశారు. డాంగ్ టేకును కిందికి దించడం దాని ముఖ్యమైన పని. రైలింజనుకు ఎక్కుడు పడదు. అది పోగలిగిన చోట సైకిలూ అలవోకగా పోతుంది. ఆ లైను వాఘై దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచి సాపుతారాకు దాదాపు 50 కిలోమీటర్లు. రోడ్డు ఇంచుమించు అంబికా వైపే ఉంటూ సాకర్‌పాతళ్ మీదుగా శామగహాన్ దాకా కొంచెం కొంచెంగా లేస్తుంది, ఆ తర్వాతే అసలు ఘాట్ మొదలవుతుంది. అంటే మొదటి దారిలో ఎక్కిన ఎత్తులో ఎక్కువ భాగం చేతిలోనే ఉంటుంది, మళ్లీ దిగి పోగొట్టుకునేది తక్కువ.

రెండో దారిలో అలా కాదు. సోన్‌గఢ్ నుంచి దక్షిణానికి తిరిగిన రోడ్డు ఒక్కో నదినీ, ఒక్కో గట్టునూ అడ్డంగా దాటాలి. ఆహ్వా కూడా గట్టు మీది ఊరే. అక్కడిదాకా కష్టపడి ఎక్కి, ఖాప్రీ లోయలోకి దిగి, శామగహాన్ కోసం మళ్లీ ఎక్కాలి. ఉదాహరణకు మనిషి, సైకిల్ కలిపి 80 కిలోలు అనుకుందాం. 900 మీటర్లు పైకి లేపడానికి సుమారు 7 లక్షల జౌళ్ల శక్తి కావాలి. 150 వాట్లతో తొక్కేవారికి గాలినీ, టైర్ల ఒరిపిడినీ పక్కనపెట్టినా 78 నిమిషాల పని. దారిలో వంద మీటర్ల చొప్పున ఆరుసార్లు దిగి ఎక్కాల్సి వస్తే ఇంకో 52 నిమిషాలు కలుస్తాయి. శిఖరం మాత్రం ఒక్క మీటరు కూడా పెరగదు.

ఎక్కినదంతా దిగేటప్పుడు తిరిగొస్తుంది కదా అని అడగవచ్చు. కొంత వస్తుంది, మొత్తం రాదు. వేగం రెట్టింపైతే గాలి ఎదురు నాలుగింతలవుతుంది. పైగా డాంగ్ రోడ్ల మలుపుల్లో, సరిగ్గా లోయ అడుగున వంతెన దగ్గర, బ్రేకు పట్టక తప్పదు. కూడబెట్టిన వేగం అక్కడే బ్రేకు రబ్బరుకు వేడిగా పోతుంది. చివరి ఘాటే అన్నిటికన్నా కష్టమని, దాన్ని వదిలి మిగతాది లెక్కపెట్టడం ఎందుకని మరో అభ్యంతరం. ఘాట్ కష్టమే. ముందు 34 పళ్లు, వెనక 32 పళ్లు ఉన్న గేరులో నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పినా వేగం గంటకు 8 కిలోమీటర్లే. కానీ ఆహ్వా రోడ్డు శామగహాన్ దగ్గరే వాఘై రోడ్డులో కలుస్తుంది కాబట్టి ఆ ఘాట్ రెండు దారులకూ ఉమ్మడి. ఇద్దరూ కట్టే సుంకాన్ని బట్టి ఎవరి దారి ఖరీదో తేల్చలేం.

మూడో అభ్యంతరాన్ని మాత్రం ఒప్పుకోవాలి: బండ్ల రద్దీ. సెలవు రోజుల్లో సాపుతారాకు పోయే కార్లు, బస్సులు వాఘై రోడ్డునే ఎంచుకుంటాయి, లోయ సులువు వాటికీ తెలుసు మరి. 2025 ఫిబ్రవరిలో తెల్లవారుజామున సాపుతారా ఘాట్‌లో యాత్రికుల బస్సు లోయలో పడి పలువురు చనిపోయారు. ఆ రోడ్డు మీద చీకటి ఉండగా దిగడం ఎంత ప్రమాదమో చెప్పడానికి అది చాలు. బీఆర్ఎం అనే దూరప్రయాణపు సైకిల్ సవారీలో 300 కిలోమీటర్లకు గడువు 20 గంటలు. అదే లెక్కన సాపుతారా పోయి వచ్చేవారు ఘాట్ పగటిపూట పడేలా చూసుకోవాలి. ప్రశాంతత కావాలంటే సోన్‌గఢ్ దారి మేలు, కానీ దాని ధర కాళ్లు కట్టాలి.

కాలం మారినా ఈ తేడా తగ్గదు, వానల్లో ఇంకా పెరుగుతుంది. గుజరాత్‌లో అత్యధికంగా వానలు పడే జిల్లాల్లో డాంగ్ ఒకటి. వానాకాలంలో అక్కడ లోతట్టు కాజ్‌వేలు మునిగి రాకపోకలు ఆగడం ఏటా ఉండేదే, నదులను ఎక్కువసార్లు దాటే దారికి ఆ గండాలూ ఎక్కువే. ఎండాకాలంలో టేకు ఆకు రాలిపోయి అడవిలోనూ నీడ దొరకదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం, అప్పుడు కొండ ఊళ్లలో నాగ్లీ రొట్టె, అంటే మన రాగి రొట్టె, వేడిగా దొరుకుతుంది. అయితే బార్డోలీ చక్కెర మిల్లు గానుగ ఆడేదీ అప్పుడే. చెరకు ట్రాక్టర్ల నుంచి జారి, చక్రాల కింద నలిగిన గడలు రోడ్డు అంచున పిప్పిగా పరుచుకుంటాయి. తెల్లవారుజామున మంచుకు తడిసిన ఆ పిప్పి మీద సన్నటి టైరు సబ్బు మీద కాలేసినట్టు జారుతుంది, కొండ ఇంకా కనుచూపు మేరలో కూడా లేకముందే.