ఆ గొంతు ఏనాటిది?

చరిత్ర పాఠంలో గొంతుకు ఉన్న బలం అచ్చు అక్షరానికి లేదు. పుస్తకం చూసి ఆవలించే పిల్లవాడు కూడా పాత రికార్డు పెట్టగానే చెవి ఒగ్గి వింటాడు. కనుక వినిపించేవారు ముందుగా ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ గొంతు ఏనాటిది?

1940 జూన్ 4న బ్రిటిష్ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ కామన్స్ సభలో మాట్లాడారు. డన్‌కర్క్ నుండి 3,38,000 మందికి పైగా సైనికులను ఓడలపై తప్పించిన రోజులవి. శత్రువుతో సముద్రతీరాలలోనూ పోరాడుతామన్న ఆ ప్రసంగం లోకప్రసిద్ధం. అయితే ఆనాడు సభలోని మాటలను రికార్డు చేసేవారు కాదు, రేడియోలో ప్రసారం చేసేవారు కాదు. సభా చర్చలు రేడియోలో క్రమంగా రావడం 1978లో మొదలైంది. ఆ సాయంత్రం బి.బి.సి. వార్తలలో కొన్ని భాగాలను వార్తలు చదివే ఉద్యోగి చదివాడు. నేడు మనం వినే రికార్డు 1949లో చర్చిల్ తమ చార్ట్‌వెల్ ఇంటిలో చదివినది. గొంతు ఆయనదే, మాటలూ ఆయనవే. కాని అది యుద్ధం గెలిచిన మనిషి గొంతు, ఓటమి అంచున నిలిచినవాని గొంతు కాదు.

నార్మన్ షెల్లీ అనే రేడియో నటుడు ఆ రాత్రి చర్చిల్ గొంతును అనుకరించి చదివాడని మరొక కథ ఉంది. 2000లో షెల్లీ గొంతుతో ఒక రికార్డు బయటపడినప్పుడు కథకు రుజువు దొరికిందన్నారు. కాని దానిపై ఉన్న తేదీ 1942 సెప్టెంబరు 7. రెండేళ్ల తరువాతి రికార్డు ఆ రాత్రికి సాక్ష్యం ఎలా అవుతుంది?

ఫ్రెంచివారి కథ కూడా ఇటువంటిదే. 1940 జూన్ 18న జనరల్ డిగాల్ లండను రేడియోలో చేసిన పిలుపు రికార్డు మిగలలేదు. తరచుగా వినిపించేది జూన్ 22న చేసిన ప్రసంగం.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ జపాను చక్రవర్తి హిరోహితో ప్రసంగం. 1945 ఆగస్టు 15 మధ్యాహ్నం ప్రజలు విన్నది ముందు రాత్రి రికార్డు చేసినది. దానిని చేజిక్కించుకోవాలని తిరుగుబాటు అధికారులు రాజభవనమంతా వెదికినా దొరకలేదు. 2015లో ఆ మూల రికార్డునుండి ధ్వనిని విడుదల చేశారు. నేరుగా మాట్లాడినది కాకపోయినా అది అసలైనదే. ఎందుకంటే ఆనాటి ప్రజలు విన్నది దానినే.

కాబట్టి అసలు, నకిలీ అనే రెండు మాటలు చాలవు. ఎవరు మాట్లాడారు, ఎక్కడ, ఏ తేదీన, ఎవరి కోసం, ఆనాడు ఎవరు విన్నారు అని విడివిడిగా అడగాలి. జూన్ 4న చర్చిల్‌ను రేడియోలో విన్నామని నమ్మినవారు ఎందరో ఉన్నారు. వారు అబద్ధాలకోరులు కారు. తరువాత విన్న గొంతు వెనక్కు నడిచి పాత రోజులో కూర్చున్నది, అంతే.

ఇది మలేసియా తెలుగువారికి దూరపు సంగతి కాదు. జపానువారి కాలంలో సయాం రైలుదారి పనికి తోటలనుండి తీసుకుపోబడిన కూలీలలో మనవారూ ఉన్నారు. తిరిగి వచ్చినవారిలో కొందరి మాటలు ఇళ్లలో పాత కేసెట్లలో ఉండవచ్చు. తేదీ లేని కేసెట్టు, పేరు రాయని ఫోటో వంటిది. ఒక తరం దాటితే ఎవరిదో తెలియదు. అటువంటిది మీ ఇంట ఉంటే మాట్లాడినవారి పేరు, ఊరు, తోట, రికార్డు చేసిన సంవత్సరం తెలిసినంతవరకు ఒక చీటీ మీద రాసి పెట్టెలో ఉంచండి. తాను కళ్లారా చూసినదేదో, ఇతరులు చెప్పగా విన్నదేదో కూడా గుర్తు పెట్టండి. రేపటి మన పిల్లలు అడిగే ప్రశ్నకు ఆ చీటీయే జవాబు.