సొంతింటి మెయిలే గుర్తుపట్టని బ్రౌజర్

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. నూజివీడులో మామిడి కోతలు ముగింపుకొచ్చిన రోజులవి. ఊరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారి అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు. ఆఫీసు కాగితాల మీద జిల్లా పేరు దిద్దుకునే ఆ హడావుడిలో నీలం 'ఇ' బొమ్మ ఎవరికి గుర్తొస్తుంది? నాకు మాత్రం బాధేసింది.

అది ఏలిన కాలం చిన్నది కాదు. 2003 ప్రాంతంలో ప్రపంచంలో నూటికి తొంభై మందికి పైగా దాంట్లోనే నెట్ చూసేవారు. తెలుగు పత్రికలు సొంత ఫాంట్లతో నడిచిన రోజుల్లో అందులో తెరిస్తేనే మన అక్షరాలు కనిపించేవి. ఇక ఆఫీసు మెయిల్‌తో దానిది రక్తసంబంధం. పేజీ మొత్తం మళ్లీ తెరవకుండానే సర్వర్ నుంచి కొత్త ఉత్తరాలు తెచ్చుకునే పద్ధతిని అవుట్‌లుక్ వెబ్ యాక్సెస్ కోసమే కనిపెట్టి, 1999లో ఐదో వెర్షన్‌లో పెట్టారు. తర్వాత జీమెయిల్ నడిచింది కూడా ఆ బాటలోనే.

2001లో ఆరో వెర్షన్ వచ్చాక ఏడోది రావడానికి ఐదేళ్లు పట్టింది. ఆ ఐదేళ్లలో ఆఫీసులు దాని వంకరలకు తగ్గట్టే తమ పేజీలు కట్టుకున్నాయి. బ్రౌజర్ ఏం చేయగలదో చూడకుండా, పేరు మాత్రమే అడిగి లోపలికి పంపేవి. 2013 అక్టోబరులో పదకొండో వెర్షన్, సైట్లకు చెప్పుకునే తన పాత పేరులోని నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు తీసేసింది. పాత వంకరలు వదిలాను, నన్నూ అందరితో సమానంగా చూడండి అని దాని కోరిక. మైక్రోసాఫ్ట్ సొంత ఎక్స్ఛేంజ్ 2010 మెయిలే దాన్ని పోల్చుకోలేక, తెలియని బ్రౌజర్లకిచ్చే లైట్ పేజీ ఇచ్చింది. కన్నతల్లే గుమ్మంలో నిలబడి 'ఎవరు బాబూ నువ్వు?' అన్నట్టు.

రాత్రి అప్‌డేట్ దిగిందని పొద్దున మెయిల్ తెరిచిన గుమస్తాకి ఏం తెలుస్తుంది? కంపాటిబిలిటీ వ్యూలో ఆఫీసు సైటు పేరు చేరిస్తే, బ్రౌజర్ మళ్లీ పాత పేరే చెప్పుకుని లోపలికి వెళ్లేది. నా మనసు కలుక్కుమనేది అక్కడే. మారినందుకు శిక్ష పడింది దానికి. పేరు తప్ప ఇంకేమీ అడగని మెయిల్‌దే ఆ తప్పు.

2014లో మన హైదరాబాదీ సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టారు. మరుసటేడు ఎడ్జ్ వచ్చింది. 2023 ఫిబ్రవరి 14న ఆ ఎడ్జ్ అప్‌డేటే విండోస్ 10 కంప్యూటర్లలో ఎక్స్‌ప్లోరర్‌ను మూసేసింది. పాత సైట్లు వదల్లేని ఆఫీసుల కోసం ఎడ్జ్ లోపల ఐఈ మోడ్‌ను కనీసం 2029 దాకా ఉంచుతామన్నారు.