తొమ్మిదిన్నర గంటల నవ్వు

చరిత్ర మీద వ్యాసం రాయమని మా టీచర్ చెప్పినప్పుడు క్లాసులో చాలామంది శివాజీ మహారాజును, స్వాతంత్ర్య పోరాటాన్ని తీసుకున్నారు. నేను టీవీలో రాత్రిపూట వచ్చే కామెడీ షోల గురించి రాస్తానంటే అందరూ నవ్వారు. టీచర్ మాత్రం నవ్వలేదు. "తేదీలు సరిగ్గా రాస్తే అది కూడా చరిత్రే" అన్నారు. అందుకే తేదీలతో రాస్తున్నాను.

మా కామాటిపురకు ఆ పేరు వచ్చిందే మనవాళ్ళ వల్ల. 18వ శతాబ్దం చివర బొంబాయి దీవులను కలిపే కట్టలు కట్టాక నిజాం రాజ్యం నుంచి కూలి పనికి వచ్చిన తెలుగువాళ్ళు ఇక్కడ స్థిరపడ్డారు. వాళ్ళను కామాటీలు అనేవారు. పగలంతా రాళ్ళు, సున్నం మోసేవాళ్ళకు నవ్వుకోవడానికి రాత్రే దొరికేది. మా తాత మిల్లులో పనిచేశాడు. ఆయన చిన్నప్పుడు పండగలకు బుర్రకథ వాళ్ళు గల్లీలోనే కథ చెప్పేవారట. చాప తెచ్చుకున్నవాళ్ళు చాప మీద, తేనివాళ్ళు మెట్ల మీద కూర్చునేవారట.

బుర్రకథలో ముగ్గురుంటారు. నడుమ కథకుడు, అటూ ఇటూ వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు. ఇంకొకడు కథను ఆపి ఇప్పటి సంగతులు, రాజకీయాలు మాట్లాడతాడు. కథ పల్నాటి యుద్ధమే అయినా మధ్యలో బియ్యం ధర వస్తుంది. 1940లలో షేక్ నాజర్ లాంటి కళాకారులు ఈ పద్ధతితోనే జనాన్ని నవ్వించారు, ఆలోచింపజేశారు. నిజాం రాజ్యంలో బుర్రకథను నిషేధించారు కూడా. ఇది చదివినప్పుడు నాకు అమెరికా షోలు గుర్తొచ్చాయి. 1954 సెప్టెంబరు 27న ఎన్‌బీసీలో స్టీవ్ అలెన్‌తో 'టునైట్ షో' మొదలైంది. తర్వాత జానీ కార్సన్ దాన్ని 1962 నుంచి 1992 దాకా 30 ఏళ్ళు నడిపాడు. అక్కడా ఒక మనిషి నిలబడి ఆ రోజు వార్తల మీద జోకులు వేస్తాడు, పక్కన వాద్యాలవాళ్ళుంటారు. మన వంత పని వాళ్ళు కుర్చీ వేసుకుని చేస్తున్నారనిపించింది. (వాళ్ళు మన దగ్గర నేర్చుకున్నారని కాదు. నేను పోల్చుతున్నానంతే.)

బొంబాయి దూరదర్శన్ 1972 అక్టోబరు 2న మొదలైంది కానీ అందులో మన భాష వినిపించేది కాదు. 1995లో ఈటీవీ వచ్చింది. కేబుల్ వైరు చాల్‌లోకి వచ్చాకే తెలుగు టీవీ మాకు అందింది. హిందీలో శేఖర్ సుమన్ 1997 నుంచి సోనీలో 'మూవర్స్ అండ్ షేకర్స్' చేశాడు. అది అచ్చం అమెరికా పద్ధతి. నాన్న దాన్ని చూసేవాడట. నానమ్మకు అందులో సగం అర్థమయ్యేది కాదట.

నానమ్మను నవ్వించింది వీ6 చానల్‌లో రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చే 'తీన్మార్ వార్తలు'. నా వ్యాసంలో అసలు సంగతి ఇదే. బిత్తిరి సత్తి, సావిత్రి కూర్చుని ఆ రోజు వార్తలను తెలంగాణ మాటలో, ఎకసెక్కంగా చెప్పేవారు. మొదటిసారి విన్నప్పుడు నానమ్మ, "మన లెక్కనే మాట్లాడుతున్నడు బిడ్డా, టీవీల!" అంది. ఆమె అంత ఆశ్చర్యపడటానికి కారణం ఉంది. అంతకుముందు సినిమాల్లో మా యాస ఎక్కువగా రౌడీ నోట్లోనో, జోకర్ నోట్లోనో వినిపించేది. జనం యాసను చూసి నవ్వేవారు. తీన్మార్‌లో ఆ యాసే మంత్రులను చూసి నవ్వింది. హెచ్‌ఎంటీవీ కూడా 'జోర్దార్ వార్తలు' తెచ్చింది. నాకైతే ఇది చిన్న విషయం కాదు. మా పాఠ్యపుస్తకంలో తెలుగు ఒకటి, ఇంట్లో తెలుగు ఇంకొకటి, గల్లీలో హిందీ, మరాఠీ. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు నా మాట విని "ముంబై తెలుగు" అని నవ్వుతారు. నాకు వచ్చిన తెలంగాణ సామెతల్లో సగం ఆ షోలో విన్నవే.

ఇక జబర్దస్త్. 2013 ఫిబ్రవరి 7, గురువారం ఈటీవీలో మొదలైంది. నాగబాబు, రోజా జడ్జీలు. మరుసటి ఏడాది శుక్రవారానికి ఎక్స్‌ట్రా జబర్దస్త్ వచ్చింది. గురువారం మా అంతస్తులో ఏ ఖోలీ ముందు నుంచి నడిచినా ఒకే స్కిట్ ఆగకుండా వినిపించేది. కానీ నిజం చెప్పాలి. భార్యలను, లావుగా ఉన్నవాళ్ళను, నల్లగా ఉన్నవాళ్ళను వెక్కిరించే జోకులు అందులో చాలా ఉండేవి. అమ్మ చాలాసార్లు రిమోట్ తీసుకుని మార్చేసింది. నాన్న "ఉత్త కామెడీయే కదా" అనేవాడు. నేను అమ్మ పక్షమే. అయినా అదే షోలో స్కిట్లు చేసిన సిరిసిల్ల వేణు 2023లో 'బలగం' సినిమా తీశాడు. చావు ఇంట్లో కాకి ముట్టే సంగతి చూసి మా నానమ్మ ఏడ్చింది. వెక్కిరింపు జోకుల మధ్య పనిచేసిన మనిషే అలాంటి సినిమా తీశాడంటే ఆ షోను పూర్తిగా కొట్టిపారేయలేకపోతున్నాను.

ఇప్పుడు ఈ షోలకు ఏమవుతుంది? 2024లో ఎక్స్‌ట్రా జబర్దస్త్ పేరు పోయింది. కపిల్ శర్మ షో 2013లో కలర్స్ చానల్‌లో మొదలై, 2024 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్ళింది. అమెరికాలో సీబీఎస్ 1993 నుంచి నడుస్తున్న 'లేట్ షో'ను 2026 మేతో ఆపుతామని 2025 జూలైలో ప్రకటించింది. కారణం డబ్బేనని కంపెనీ చెప్పింది. ఆ షో నడిపే స్టీఫెన్ కోల్బేర్ కంపెనీ యజమానులను విమర్శించిన కొద్ది రోజులకే ఈ ప్రకటన రావడంతో చాలామంది నమ్మలేదు. డబ్బు సంగతి అబద్ధం కాకపోవచ్చు. రాత్రి ఆ గంటకు టీవీ ముందు కూర్చునేవాళ్ళు తగ్గితే ప్రకటనలు తగ్గుతాయి. పొద్దున్నే ఫోన్‌లో రెండు నిమిషాల ముక్క చూసేవాడికి రాత్రి గంటసేపు కూర్చునే పనిలేదు.

జోకులు ఎక్కడికీ పోవని నా అంచనా. చిన్న చిన్న ముక్కలై ఫోన్లలో ఉంటాయి, తెలంగాణ యాసలో యూట్యూబ్ నిండా ఉన్నాయి కూడా. పోయేది తొమ్మిదిన్నర అనే సమయం. అందరూ ఒకేసారి నవ్వాలంటే ఒకే సమయం కావాలి కదా. దానికి తోడు కామాటిపుర పునర్నిర్మాణం వస్తోంది. మా చాల్ కూలి టవర్లు లేస్తే తలుపులు మూసుకుంటాయి, పక్కింటి నవ్వు వినపడదు. కొత్త ఇల్లు వద్దని నేననను. సొంత బాత్రూం కావాలని అమ్మ నేను పుట్టకముందు నుంచీ అడుగుతోంది.

ప్రస్తుతం మా ఇంట్లో జరిగేది ఇది. అన్నయ్య చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కడే నవ్వుతుంటాడు. నానమ్మ కాసేపు వాడి ముఖం చూస్తుంది. "ఏమన్నడురా? మాకు గూడ చెప్పు" అంటుంది. వాడు ఇయర్‌ఫోన్లు తీసి, వీడియో వెనక్కి జరిపి, ఫోన్‌ను గ్లాసుకు ఆనించి నిలబెడతాడు. సౌండ్ పెంచితే పక్క ఖోలీ అత్త కూడా వచ్చి గడప దగ్గర నిలబడుతుంది.