అల్లోపతి డాక్టర్ అంటే ఎవరు? ఆ పేరు ఎలా వచ్చింది?

మన ఇళ్లలో పెద్దవాళ్లు ‘అంగ్రేజీ దవా’ అంటారు. తెలుగులో ‘ఇంగ్లీషు మందు’ అంటాం. పేపర్లలో ‘అల్లోపతి’ అని రాస్తారు. మూడూ ఒకే వైద్యానికి పేర్లు. అయితే అల్లోపతి అనే పేరు ఈ డాక్టర్లు తమకు తాము పెట్టుకున్నది కాదు. వాళ్ల వైద్యాన్ని తప్పుపట్టిన మనిషి పెట్టింది.

పేరు పెట్టింది ఎవరు?

జర్మనీకి చెందిన డాక్టర్ శామ్యూల్ హానిమన్ (1755-1843) హోమియోపతిని మొదలుపెట్టారు. ఆ రోజుల్లో యూరప్‌లో చాలా జబ్బులకు నెత్తురు తీయడం, వాంతులు, విరేచనాలు చేయించడమే చికిత్స. రోగి ఇంకా నీరసించేవాడు. దీన్ని హానిమన్ గట్టిగా విమర్శించారు. 19వ శతాబ్దం మొదట్లో తన పద్ధతికి హోమియోపతి అని, పాత పద్ధతికి అల్లోపతి అని పేర్లు పెట్టారు.

అర్థం ఏంటి?

రెండూ గ్రీకు మాటల నుంచి వచ్చాయి. ‘హోమోయోస్’ అంటే పోలినది, ‘అల్లోస్’ అంటే వేరైనది, ‘పాథోస్’ అంటే బాధ. జబ్బు లక్షణాల్లాంటివే కలిగించే మందు ఇస్తే హోమియోపతి, వేరే రకం మందు ఇస్తే అల్లోపతి అని ఆయన లెక్క. యునానీ పేరుకీ గ్రీసుతోనే సంబంధం. అరబ్బీ, ఉర్దూల్లో యూనాన్ అంటే గ్రీసు దేశమే.

ఇప్పుడు ఆ అర్థం సరిపోతుందా?

సరిపోదు. నేటి ఎంబీబీఎస్ చదువు హానిమన్ చెప్పిన లెక్క మీద నడవదు. మందు పనిచేస్తుందా లేదా అన్నది పరిశోధనల్లో తేలాలి. అందుకే ఈ పేరు నచ్చని డాక్టర్లు చాలామంది ఉన్నారు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం కూడా వైద్యాన్ని ‘ఆధునిక శాస్త్రీయ వైద్యం’ అనే నిర్వచించింది.

కుటుంబాలు గమనించాల్సింది

యునానీ (బీయూఎంఎస్), ఆయుర్వేద (బీఏఎంఎస్), హోమియో (బీహెచ్ఎంఎస్) చదివినవాళ్లూ పేరు ముందు డాక్టర్ అని రాసుకుంటారు. కానీ ఒక్కొక్కరి చదువు వేరు. హోమియో అర్హతతో అల్లోపతి మందులిచ్చిన కేసులో రోగి చనిపోతే, అది నిర్లక్ష్యమేనని 1996లో సుప్రీంకోర్టు తేల్చింది.

కాబట్టి బోర్డు మీద డాక్టర్ అనే మాటతో ఆగిపోకుండా పక్కనున్న డిగ్రీ చూడాలి. అల్లోపతి డాక్టర్ అయితే చీటీ మీద మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ వేయాలన్నది రూలు. హకీం సాబ్ దగ్గర మందు వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కి, డాక్టర్ మందు వాడుతుంటే హకీం సాబ్‌కి దాచకుండా చెప్పాలి.