హ్యామ్‌స్టర్ గూట్లో ఏం పరవాలి? బస్తర్‌లో దొరికేవాటిలో ఏది మంచిది, ఏది ప్రమాదం?

విశాఖపట్నం నుంచి అరకు, కోరాపుట్, జగదల్‌పుర్ మీదుగా వెళ్లే రైలుకు చివరి స్టేషన్ కిరందుల్. బైలదిల్లా ఇనుప గనుల కోసం 1960లలో వేసిన ఈ మార్గం వెంబడి ఉద్యోగాలకూ వ్యాపారాలకూ వచ్చి బస్తర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. సెలవులకు విశాఖ వెళ్లిన పిల్లలు ముచ్చటపడి కొన్న హ్యామ్‌స్టర్ అలాంటి ఇంటికి చేరితే, మొదట ఎదురయ్యే ప్రశ్న తిండి గురించి కాదు. గూట్లో ఏం పరవాలన్నదే.

షాపువాళ్లు బోనుతో పాటు ఇచ్చే పొట్టు సంచి వారం పది రోజుల్లో అయిపోతుంది. ఆ తర్వాత దగ్గర్లో దొరికేదే దిక్కు. పొరపాట్లు ఎక్కువగా జరిగేది అక్కడే.

పరుపు ఎందుకంత ముఖ్యం?

హ్యామ్‌స్టర్ నేలను తవ్వుకుని బతికే జంతువు. 1930లో జీవశాస్త్రవేత్త ఇజ్రాయెల్ అహరోనీ సిరియాలోని అలెప్పో దగ్గర ఒక తల్లినీ దాని పిల్లల్నీ పట్టుకున్నది నేలలోని బొరియ తవ్వించే. నేడు ఇళ్లలోనూ ప్రయోగశాలల్లోనూ కనిపించే సిరియన్ హ్యామ్‌స్టర్లలో అత్యధికం ఆ కుటుంబం సంతతే.

అది ఆ పరుపులోనే నిద్రపోతుంది, గింజలు దాచుకుంటుంది, మూత్రం పోస్తుంది. ముక్కు నేలకు అంగుళం ఎత్తులో ఉంటుంది కాబట్టి పరుపులోని దుమ్ము, ఘాటు, బూజు అన్నీ నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళ్తాయి.

టింబర్ డిపో పొట్టు వాడొచ్చా?

వద్దు. బస్తర్ అంటే సాల్ అడవి. మనం గుగ్గిలం అని ధూపం వేసేది ఆ చెట్టు జిగురే. కోత మిల్లులో రాలే రంపపు పొట్టులో సాల్, టేకు, ఇతర కలప అన్నీ కలిసిపోతాయి. టేకు పొడి మనుషుల్లోనే చర్మానికి దురద, అలర్జీ తెస్తుంది. పైగా చెద మందు కొట్టిన కలప ఏదో, కొట్టనిది ఏదో ఆ కుప్పలో ఎవరూ చెప్పలేరు.

ఘాటైన వాసన వచ్చే దేవదారు, పైన్ పేళ్ల మీద హెచ్చరిక పాతదే. మెత్తని కలప పరుపు ఎలుకల కాలేయంలోని ఎంజైమ్‌ల పనిని మారుస్తుందని 1967లోనే పరిశోధకులు చూపించారు. వాసన బాగుందని కొనే సుగంధ పరుపులకూ ఇదే మాట వర్తిస్తుంది.

వరి ఊక గరుకుగా ఉంటుంది, దుమ్ము రేగుతుంది. వరిగడ్డి మొనలు కళ్లకు, చెంప సంచులకు గుచ్చుకుంటాయి. మొక్కజొన్న కండె ముక్కల్లో బొరియ నిలవదు, తడిస్తే బూజు పడుతుంది.

దూది అన్నిటికంటే ప్రమాదం. మెత్తగా ఉంటుందని షాపుల్లో ‘గూడు దూది’ పేరుతో అమ్ముతారు. దాని పోగులు కాళ్లకు చుట్టుకుని రక్తప్రసరణను ఆపేస్తాయి. మింగితే పేగుల్లో అడ్డుపడతాయి.

మరి ఏం వాడాలి?

రంగు, వాసన లేని కాగితం అన్నిటికంటే సులువు. కాగితపు గుజ్జుతో చేసిన పరుపు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అది వచ్చేలోపు తెల్ల టిష్యూ కాగితాన్ని చేత్తో చీల్చి వేయొచ్చు. ఆస్పెన్ చెక్క పేళ్లు దొరికితే, దుమ్ము జల్లించి కాగితంతో కలిపితే బొరియలు బాగా నిలుస్తాయి.

ఇక మందం. సిరియన్ హ్యామ్‌స్టర్లను 10, 40, 80 సెంటీమీటర్ల పరుపుల మీద ఉంచి పోల్చిన అధ్యయనం 2006లో వెలువడింది. 10 సెంటీమీటర్ల పరుపు మీద ఉన్నవి బోను కమ్మీలను ఎక్కువగా కొరికాయి. 80 సెంటీమీటర్లు ఇచ్చినవాటిలో ఆ అలవాటు కనిపించలేదు. కమ్మీలు కొరకడం పళ్లు అరగదీసుకోవడం అనుకుంటాం. అది చాలాసార్లు చోటు చాలడం లేదన్న సంకేతం.

ఇంట్లో 80 సెంటీమీటర్లు కష్టమే. కనీసం ఒక వైపు 25 నుంచి 30 సెంటీమీటర్లు ఉండేలా చూడాలి. కమ్మీల బోనులో అంత పరుపు ఆగదు కాబట్టి పాత చేపల తొట్టె గానీ, మూతకు జాలీ బిగించిన పెద్ద ప్లాస్టిక్ డబ్బా గానీ మేలు. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉంటే మంచిది.

పరుపంతా ఒకేసారి మార్చకండి. తడిసిన మూలను రెండు మూడు రోజులకోసారి తీసేయాలి. పూర్తిగా శుభ్రం చేసేటప్పుడు కూడా పొడిగా ఉన్న పాత పరుపు కొంత మిగల్చాలి. తన వాసన పోతే హ్యామ్‌స్టర్ బెదురుతుంది.

ఇసుక ఎక్కడిది?

హ్యామ్‌స్టర్‌కు నీళ్ల స్నానం చేయించకూడదు. ఇసుకలో దొర్లి ఒంటి మీది జిడ్డు వదిలించుకుంటుంది. చాలావరకు అక్కడే మూత్రం పోస్తుంది కూడా, దాంతో శుభ్రం చేయడం తేలికవుతుంది.

చించిల్లాల కోసం అమ్మే స్నానపు పొడి పిండిలా ఉంటుంది, ఊపిరికి హాని. కాల్షియం కలిపిన ఇసుక తడిస్తే గడ్డకడుతుంది. రాయిని పిండిచేసి తీసే ఎం-శాండ్‌లో పదునైన అంచులు, రాతి దుమ్ము ఉంటాయి.

నది ఇసుక వాడొచ్చు, ఏ నది అన్నది చూసుకోవాలి. ఇనుప ఖనిజపు పొడి చేరి ఎర్రబారిన శంఖిని వైపు ఇసుక జోలికి పోవద్దు. ఇంద్రావతి ఇసుకైనా సరే నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. ఎండబెట్టి, జల్లెడ పట్టి గులకలు తీసేసి, బాణలిలో అరగంట వేయించి, పూర్తిగా చల్లారాకే పెట్టాలి.

ఎండ, వాన, చీమలు

హ్యామ్‌స్టర్‌కు 18 నుంచి 24 డిగ్రీలు హాయి. 30 దాటితే వడదెబ్బ ముప్పు. మే నెలలో మట్టికుండే మంచి ఉపాయం. కొండగావ్ కుమ్మరుల చేతి రంగు పూయని కుండను పడుకోబెడితే చల్లని గూడు అవుతుంది. కూలర్ గాలి నేరుగా తగలనివ్వొద్దు.

జగదల్‌పుర్‌లో ఏడాదికి 1,400 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. ఆ నెలల్లో అడుగు పరుపును వారానికోసారి తిరగేసి చూడండి. ముక్కవాసన వస్తే తీసేయండి. దాచుకున్న కూరగాయ ముక్కలు ముందు కుళ్లుతాయి.

చీమలకు మందు సుద్దగీతలు గీయొద్దు, వాటిలో ఉండేది పురుగుమందు. బల్ల కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టే పాత పద్ధతి చాలు. కలరా ఉండలు, దోమల చుట్టలు, సాంబ్రాణి పొగ ఆ గదిలో వద్దు.

మిగతా సామాను

సిరియన్ జాతికి చక్రం సుమారు 28 సెంటీమీటర్లు, మరుగుజ్జు జాతులకు 20 సెంటీమీటర్లు ఉండాలి. పరిగెత్తే చోట సందుల్లేకుండా పలకలా ఉండాలి. ఊచల చక్రంలో కాళ్లు ఇరుక్కుని విరుగుతాయి. కొరకడానికి వార్నిష్ లేని వెదురు ముక్క ఇవ్వొచ్చు. సిరియన్ హ్యామ్‌స్టర్లను ఒక గూటికి ఒక్కటే పెంచాలి. రెండుంటే పోట్లాడి చంపుకుంటాయి.

తుమ్ములు, ఊపిరిలో టిక్కుటిక్కుమనే చప్పుడు, తోక దగ్గర తడి కనిపిస్తే పశువైద్యుణ్ని కలవాలి. ఇంట్లో ఉన్న అమాక్సిసిలిన్ మాత్ర చిదిమి వేయడం ప్రాణాంతకం. పెన్సిలిన్ రకం మందులు దాని పేగుల్లోని మేలుచేసే బ్యాక్టీరియాను చంపేస్తాయి.

కొనేముందు

2018 పెట్ షాప్ నిబంధనల్లో పెంపుడు జంతువుల జాబితాలో హ్యామ్‌స్టర్ పేరు ఉంది. అమ్మే షాపుకు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో రిజిస్ట్రేషన్ ఉండాలి, అడిగి చూడండి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి, బస్తర్ కొండ మైనా సంగతి వేరు. దాన్ని పట్టి పంజరంలో పెట్టడం వన్యప్రాణి చట్టం కింద నేరం.

హ్యామ్‌స్టర్ రెండు మూడేళ్లే బతుకుతుంది. అందుకే గూడు, పరుపు, ఇసుక, చక్రం ముందు సిద్ధం చేసుకుని, ఆ తర్వాతే దాన్ని ఇంటికి తీసుకురావడం మేలు.