భవిష్యద్వాక్యమునకు కోటిలింగాల సాక్ష్యము

వెల్గటూరు మండలమున, పెద్దవాగు గోదావరిలో కలియుచోట, కోటిలింగాల యను పల్లె గలదు. కోటేశ్వరస్వామి దర్శనమునకై వచ్చు యాత్రికులలో, ఆ చేరువనున్న మట్టికట్ట యొకప్పటి నగరపు కోటగోడ యని యెరిగినవారు కొందరే. 1979 మొదలుకొని పురావస్తుశాఖవారు జరిపిన త్రవ్వకములలో ఇటుక కట్టడములును, పూసలును, నాణెములును బయల్పడినవి. ఇక్కడ దొరకిన నాణెములను చదివి లోకమునకు తెలిపినవారిలో డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు ముఖ్యులు. వానిలో కొన్నింటిపై చిముక సాతవాహనుని పేరున్నది.

ఈ పేరు మనకు మొదట అందినది భవిష్యద్వాక్యము వలననే. మత్స్య, వాయు, విష్ణు, భాగవత పురాణములు కలియుగరాజవంశములను జరిగినకథగా గాక జరుగబోవు కథగా వర్ణించి, కణ్వవంశీయుని సంహరించి ఆంధ్రుడొకడు రాజ్యమేలగలడని పలికినవి. అతని పేరు ఒకచోట శిశుకుడు, ఒకచోట సింధుకుడు, మరొకచోట శిప్రకుడు. లేఖకుల చేతిలో అక్షరములు చెదరినవేగాని మనిషి మాయము కాలేదు. నానేఘాట్ గుహలో సిముకుడనియు, గోదావరి యొడ్డున చిముకుడనియు అతడు మరల కనబడినాడు.

అంతమాత్రమున పురాణవాక్యమెల్ల అక్షరసత్యమని తలపరాదు. ఆంధ్రుల యేలుబడి 460 ఏండ్లని యొక పురాణము, 456 అని మరొకటి చెప్పుచున్నవి. అన్నింటికంటె నన్ను ఆలోచింపజేయు విషయ మింకొకటి. కోటిలింగాల నాణెములపై గోబద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప యను రాజుల పేర్లున్నవి. ఈ నేలను సాతవాహనులకు ముందే యేలినవారుగా పెక్కుమంది పండితులు తలచు ఈ రాజులను ఏ పురాణమును స్మరింపలేదు. భవిష్యత్తునంతయు చూచితినన్న గ్రంథమునకు మన గోదావరితీరము కానరాలేదు! ఆ భవిష్యకథనము తొలిగుప్తుల కాలమునొద్ద ఆగిపోవుటను బట్టి, సంకలనకర్తల వర్తమానకాలమును చరిత్రకారులు గుర్తించుచున్నారు.

బైబిలునందలి ప్రవచనములను పరీక్షించు మార్గమును ఇదియే. దానియేలు గ్రంథము పదునొకండవ అధ్యాయమున ఉత్తరదేశపు రాజు, దక్షిణదేశపు రాజు చేసిన యుద్ధములు అంత్యోకసు ఎపిఫానెసు కాలమువరకు ఆశ్చర్యకరముగా చరిత్రతో సరిపోవును. ఆ రాజు క్రీ.పూ. 167లో యెరూషలేము దేవాలయమును అపవిత్రము చేయించెను. కాని యతడు, ఆ ప్రవచనము పలికినట్లు పవిత్రపర్వతమునకు చేరువ గాక, క్రీ.పూ. 164లో పారసీకదేశమున మరణించెను. ఆ గ్రంథము ఆ దుర్దినములలోనే వ్రాయబడెనని క్రీ.శ. మూడవ శతాబ్దముననే పోర్ఫిరీ వాదించెను; నేటి పండితులలో పెక్కుమంది ఆ మాటనే యంగీకరించుచుండగా, విశ్వాసులలో అనేకులు దానిని బబులోను చెరనాటిదిగనే యెంచుచున్నారు. యెహెజ్కేలు మరింత హృదయమునకు దగ్గరైనవాడు: నెబుకద్నెజరు తూరుపట్టణమును కొల్లగొట్టునని ప్రవచించి, ఆ ముట్టడిలో రాజునకును సైన్యమునకును కూలి యేమియు దక్కలేదని తన గ్రంథముననే దాపరికము లేక చెప్పెను. సరిపడని మాటను చెరిపివేయక భద్రపరచిన ఆ సమాజపు నిజాయితీకి నేను నమస్కరించుచున్నాను.

హింసింపబడుచున్న యూదజాతికి దానియేలు గ్రంథము ధైర్యమిచ్చెను. అది ఎన్నడు వ్రాయబడెనను చర్చ ఆ ధైర్యమును తగ్గింపజాలదు. ఎక్కడ యుద్ధము రేగినను వెంటనే అదే ప్రవచనఫలమని గణించువారు మాత్రము, ఆ వాక్యము మొదట ఎవరి కన్నీటికి సమాధానముగా పుట్టెనో మరచుచున్నారు.

అడుగుటకు సాక్ష్యమే మిగులనినాడు ఏ పరీక్షయు సాధ్యము కాదు. ఎల్లంపల్లి జలాశయపు నీరు నేడు వెల్గటూరు మండలపు తీరమువరకు వ్యాపించియున్నది. కోటిలింగాల మట్టిలో త్రవ్వబడని భాగము ఇంకను చాల గలదు. గోబదుని తరువాతివాడెవడో, నారనుని రాజ్య మెంతవరకో, పురాణములు చెప్పని ఆ మాటలు నీరు చేరకముందే వెలికి రావలెను.